హోదా మేనేజరైనా ఓవర్‌టైమ్ ఇవ్వాల్సి రావచ్చు

అమెరికాలోని మీ దుకాణంలో అసిస్టెంట్ మేనేజర్‌కు వారానికి 700 డాలర్ల జీతం ఇస్తున్నారు కాబట్టి ఓవర్‌టైమ్ అక్కర్లేదా అని అడిగారు. దయచేసి అలా అనుకోకండి. ఓవర్‌టైమ్ నుంచి మేనేజర్లను మినహాయించడానికి ఫెడరల్ (కేంద్ర) నిబంధన అడిగే వారానికి 684 డాలర్లు దాటారు, నిజమే. కానీ అసలు చిక్కు ఆయన చేసే పనిలో ఉంది. నిర్వహణే ప్రధాన బాధ్యత కావాలి. కనీసం ఇద్దరు పూర్తికాల ఉద్యోగులను నడిపించాలి. నియామకాల్లో, తొలగింపుల్లో ఆయన మాట చెల్లాలి. మీరు రాసినదాన్ని బట్టి ఆయన రోజంతా బిల్లులు కొట్టడం, అరలు సర్దడమే! ఆ మినహాయింపు నిలవదు. 700 డాలర్లు 40 గంటలకైతే గంటకు 17.50, ఆపైన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు, అంటే 26.25. పాత బకాయి కూడా లెక్కగట్టి ఇచ్చేయండి, అది ఆయన కష్టార్జితం. కాలిఫోర్నియా వంటి చోట్ల జీతం పరిమితి ఇంకా ఎక్కువ, మీ రాష్ట్ర చట్టమూ చూడండి.