విల్లు లాగడం కష్టం, బాణానికి వేగం లేదు

ప్రశ్న: విలువిద్య సాధన కోసం తడ కర్రతో అయిదున్నర అడుగుల విల్లు చేసుకున్నాను. పట్టు నుంచి కొప్పుల (తాడు తగిలించే చివరల) వరకు వెడల్పు, మందం ఒకేలా ఉంచాను. లాగడానికి చాలా బలం కావాలి, కానీ బాణం నెమ్మదిగా పోతోంది. అల్లెతాడు విప్పినా బద్ద రెండంగుళాలకు పైగా నా వైపు వంగే ఉంటోంది. ఇంకా మందమైన కర్ర తీసుకోవాలా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మందం పెంచవద్దు. కావడి బద్దలకు పేరున్న తడకు వంగి లేచే గుణం బాగా ఉంది కాబట్టి కర్రలో లోపం వెతకనక్కర లేదు. లోపం మీరిచ్చిన ఆకారంలో ఉంది.

నారి (అల్లెతాడు) లాగినప్పుడు వంచే బలం కొప్పు దగ్గర దాదాపు సున్నా, పట్టు వైపు వచ్చేకొద్దీ ఎక్కువ. బద్ద అంతటా ఒకే కొలతలో ఉంటే వంపంతా పట్టు పక్కనే పడి, మీ వైపు ముఖంలోని నార నలిగి, కర్ర తిరిగి నిటారుగా నిలవదు. కొప్పుల సంగతి ఇంకా ముఖ్యం. బాణం వదలగానే అన్నిటికంటే వేగంగా కదిలేవి అవే. వేగం రెట్టింపైతే ఆ కర్రను కదిలించడానికి నాలుగు రెట్ల శక్తి పోతుంది. మీరు చేతులారా నింపిన శక్తిలో పెద్ద వాటా బాణానికి అందకుండా ఆ బరువైన చివరలే తినేస్తున్నాయి.

అందువల్ల పట్టుకు ఇరువైపులా ఉన్న ఒక్కో రెక్క నడిమి నుంచి పక్కలను ఆకురాయితో తగ్గిస్తూ, కొప్పు దగ్గర వెడల్పు అర అంగుళానికి తీసుకురండి. మందం జోలికి వెళ్ళినప్పుడు మాత్రం చెయ్యి నిదానించాలి: బిగువు (వంపును ఎదిరించే బలం) వెడల్పుతో సమానంగా మారుతుంది కానీ మందం ఘనంతో మారుతుంది, కనుక 12 మిల్లీమీటర్ల బద్దను 11కు దించితే అక్కడ బిగువులో దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. గీకిన ప్రతిసారీ విల్లును గోడకు బిగించి, తాడుతో కొద్దికొద్దిగా లాగుతూ, దూరంగా నిలబడి రెండు రెక్కల వంపు సమానంగా ఉందో లేదో చూడండి. బిగువు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

మళ్ళీ చేసేటప్పుడు పట్టు పక్కన వెడల్పు రెండంగుళాలు ఉంచి, మందం తగ్గించండి. లక్ష్యం వైపు ముఖంలో ఒకే వయసు వలయం (చెట్టు వయసు తెలిపే పొర) కొస నుంచి కొస దాకా తెగకుండా సాగాలి. పచ్చి కర్ర తొందరగా కుంగుతుంది కాబట్టి బద్దను నీడన ఆరబెట్టి, వారం వారం తూచి, బరువు తగ్గడం ఆగాకే చిత్రిక పట్టండి. మన మే నెల ఎండలో నేరుగా పెడితే చివరలు పగులుతాయి. కర్ర డిపోలోనే కొనండి, అమ్రాబాద్ అడవిలో కొట్టడం నేరం.

బాణం లేకుండా నారిని ఎన్నడూ వదలకండి. ఆ శక్తి అంతా బద్దలోకే తిరిగివచ్చి దాన్ని చీల్చగలదు.