శిలాతోరణం దగ్గర పిల్లలతో అరపూట: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: తిరుమల వెళ్లిన ప్రతిసారీ, కొండ మీద సహజంగా ఏర్పడిన రాతి కమాను ఉంది కదా, ఆ శిలాతోరణం దగ్గర దిగుతాం. ఫోటో తీసుకుని ఐదు నిమిషాల్లో వెనక్కొచ్చేస్తాం. ఏడేళ్ల బాబు, పదకొండేళ్ల పాప ‘ఇందులో ఏముందమ్మా’ అంటున్నారు. ఏం చూపించాలి? – ఒక తల్లి, చిత్తూరు

జవాబు: ముందు కింద తిరుపతిలో, కపిలతీర్థం వైపు నుంచి కొండను చూపించండి. అడుగున రాళ్లూ పొదలూ ఉన్న ఏటవాలు, దానిపైన గోడలా నిలబడిన ఎర్రటి రాయి కనిపిస్తాయి. కింది రాయి గ్రానైటు జాతిది. 250 కోట్ల ఏళ్ల కిందటిది. పైది సుమారు 160 కోట్ల ఏళ్ల నాటి ఇసుక గట్టిపడి అయిన రాయి. దీన్ని నగరి క్వార్ట్జైట్ అంటారు. మీ జిల్లా పిల్లలకు నగరి కొండలు తెలిసినవే కదా, ఆ పేరే దీనికి పెట్టారని చెప్పండి, చెవులు నిక్కిస్తారు. ఈ రెండు రాళ్లు కలిసే చోటును శాస్త్రజ్ఞులు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. ఇది జాతీయ భూగర్భ స్మారకం. శిలాతోరణమూ అంతే.

ఘాట్ రోడ్డులో పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. గుండ్రటి బండలు పోయి, ఇటుకలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉన్న రాయి మొదలైన చోట కేక వేయమనండి. దాని కోసం మలుపుల్లో కారు ఆపకండి, ప్రమాదం.

ఇక బయల్దేరే ముందు రోజు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. 4 మీటర్ల 60 సెంటీమీటర్ల పురికొస తీసుకోండి. 10 కోట్ల ఏళ్లకు 10 సెంటీమీటర్ల లెక్క. ఒక కొస భూమి పుట్టుక, రెండో కొస ఈ రోజు. ఈ రోజు కొస నుంచి 2.5 మీటర్ల దగ్గర కింది రాయికి ఒక రంగు దారం, 1.6 మీటర్ల దగ్గర పై రాయికి ఇంకో రంగు దారం కట్టండి. పురికొసకే ముడులు వేస్తే ఒక్కో ముడి సెంటీమీటరో రెండో మింగేసి లెక్కంతా జరిగిపోతుంది, అందుకే విడి దారం. రాక్షసబల్లులు అంతరించింది 6.6 సెంటీమీటర్ల దగ్గర. మనిషి జాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు, అంటే 0.3 మిల్లీమీటరు. అక్కడ దారం కట్టలేక పిల్లలు తెల్లబోతారు. రెండు రంగు దారాల మధ్య ఉన్న 90 సెంటీమీటర్ల ఖాళీ కాలానికి ఈ కొండలో రాయే లేదు. ఆ పురికొసను తోరణం ముందు పార్కులో పరిచి చూపించండి.

తోరణం వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. స్కేలును చెయ్యి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి రెండూ కొలవమనండి. వెడల్పు ఎత్తుకు రెండున్నర రెట్లు దాటాలి. తక్కువొచ్చిందంటే పక్కవాటుగా నిలబడ్డారన్నమాట, జరిగి మళ్లీ కొలవాలి. చెయ్యి మోచేతి దగ్గర వంగినా లెక్క తప్పుతుంది. మెత్తటి పొరలు, బీటలు పడ్డ భాగాలు వాననీటికి అరిగి రాలిపోతే గట్టి పొర దూలంలా మిగిలిందని అప్పుడు చెబితే బుర్రకెక్కుతుంది.

కంచె దాటనివ్వకండి. గులకరాయి కూడా ఏరనివ్వకండి. ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండండి, మనందరం తలా ఒకటి ఏరితే చూడడానికేం మిగలదు.

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. శిలాతోరణం, చక్రతీర్థం రెండూ చూడగలరా? – ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: తోరణాన్ని కంచె బయటి నుంచి చూడొచ్చు. చక్రతీర్థానికి మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి, ఆవిడను పార్కులో కూర్చోబెట్టి మీరు వెళ్లిరండి. పొద్దున తొమ్మిదిలోపు అయితే బండలు వేడెక్కవు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలను కొండ మీదికి అనుమతించరు. ఇంటి నుంచే స్టీలు సీసాలు నింపుకోండి.

ప్రశ్న: తిరుగుదారిలో చంద్రగిరి కోట కూడా చూపించాలని ఉంది. శుక్రవారం వెళ్లొచ్చా? – ఒక తండ్రి, పలమనేరు

జవాబు: కోటలోని రాజమహల్లో ఉన్న మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఇంకో రోజు పెట్టుకోండి. రాజమహల్లోకి వెళ్లాక పిల్లలకు ఒకే పని చెప్పండి: మూడు అంతస్తుల్లో ఎక్కడైనా చెక్క దూలం కనిపిస్తుందేమో వెతకమనండి. దొరకదు. రాయి, ఇటుక, సున్నంతోనే కప్పు నిలిపారు. తలెత్తి కమానులు చూడమంటే ఎలాగో వాళ్లకే అర్థమవుతుంది, పొద్దున చూసిన తోరణమూ గుర్తొస్తుంది.