ఆఫీసులో వేధింపుల గురించి సోషల్ మీడియాలో పోస్టు పెడితే ఉపయోగం ఉంటుందా, లేక ఫిర్యాదు చేయాలా?

ఉపయోగం ఉంటుంది, నేను చూశాను. అయితే చాలామంది అనుకునే ఉపయోగం అది కాదు.

2018 అక్టోబరులో, లైంగిక వేధింపుల అనుభవాలను మహిళలు బయటపెట్టే మీటూ పోస్టులు వరసగా వస్తున్న రోజులవి. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసేదాన్ని. మా మేనేజరు రాత్రిళ్లు పంపే మెసేజీల గురించి ఇంట్లో కూడా చెప్పలేదు. గాయని చిన్మయి గారు తనకు జరిగింది బయటపెట్టి, ఇంకెందరో అమ్మాయిలు పంపిన అనుభవాలను వాళ్ల పేర్లు లేకుండా పోస్టు చేస్తుండేవారు. అవి చదివాక నేనూ ఫేస్‌బుక్‌లో రాశాను. అతని పేరు గానీ, కంపెనీ పేరు గానీ పెట్టలేదు. అయినా, అంతకుముందు మా ఆఫీసులో పనిచేసి మానేసిన ఒకావిడ "ఇది ఆయనేనా?" అని మెసేజ్ చేసింది. ఆవిడకూ అవే మాటలు, అదే వేళకు వచ్చేవట. తర్వాత ఇంకొకామె. అప్పటిదాకా నాలోనే ఏదో లోపం ఉందని కుమిలిపోయేదాన్ని. ఆ రాత్రి నిద్రపట్టింది.

కింద కామెంట్లలో "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావ్?" అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు జవాబివ్వలేదు.

అతని మీద చర్య మాత్రం పోస్టు వల్ల కాదు, రాతపూర్వక ఫిర్యాదు వల్లే వచ్చింది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకోవడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం, పదిమంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి ఆఫీసులో ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న ఆఫీసైతే జిల్లా స్థాయిలో లోకల్ కమిటీకి ఇవ్వొచ్చు. నా స్క్రీన్‌షాట్లతో పాటు వాళ్లిద్దరూ వచ్చి చెప్పిన సాక్ష్యం పనిచేసింది. విచారణ తర్వాత అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ సాక్షులను నాకు చూపించింది పోస్టే.

పేరు పెట్టి రాయాలా అన్నది మీరు నిదానంగా ఆలోచించుకోవాల్సిన విషయం. అప్పటి కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ మీద జర్నలిస్టు ప్రియా రమణి పేరుతో సహా ఆరోపించారు. ఆయన ఆమె మీద క్రిమినల్ పరువునష్టం కేసు వేశారు, ఆ తర్వాత పదవికి రాజీనామా చేశారు. 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా తేల్చింది. దశాబ్దాల తర్వాతైనా, తనకు నచ్చిన వేదిక మీద బాధను చెప్పుకునే హక్కు మహిళకు ఉందని కూడా చెప్పింది. నాకు ఇప్పటికీ ఎంతో ధైర్యమిచ్చే తీర్పు అది. కానీ అందాకా ఆమె రెండేళ్లకు పైగా నిందితురాలిగా కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది.

ఇంకొకటి, కమిటీకి ఫిర్యాదు ఇచ్చాక అందులోని విషయాలు, ఇరువైపుల పేర్లు, విచారణ వివరాలు బయటపెట్టకూడదని అదే చట్టం చెబుతుంది. కాబట్టి ఏం రాయాలో, ఎప్పుడు రాయాలో ముందే ఒక లాయరును అడగండి. మెసేజీలు అసహ్యంగా ఉన్నాయని డిలీట్ చేయకండి, తేదీ, టైము కనబడేలా దాచండి. ఫిర్యాదుకు గడువు చివరి సంఘటన నుంచి మూడు నెలలు. ఆలస్యానికి సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచగలదు. పోస్టుకు అలాంటి గడువేమీ లేదు, అందుకని ముందు ఫిర్యాదు సంగతి చూడండి.