ఇంటర్‌కూలర్ కోసం నగలు తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. ఉండి అనే ఊరి దగ్గర నాలుగు ఎకరాల చెరువులు లీజుకు తీసుకుని వనామీ రొయ్యల సాగు చేస్తున్నాను. పంటకు సుమారు 16 లక్షల పెట్టుబడి అవుతుంది. రెండేళ్ల కిందట సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) బిగించి ఉన్న పెట్రోలు స్పోర్ట్స్ కారును సెకండ్‌హ్యాండులో 14 లక్షలకు కొన్నాను. ఎండ వేళ ఇంజిన్ శక్తి బాగా తగ్గిపోతోంది. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెట్టి ట్యూనింగ్ చేయడానికి హైదరాబాద్‌లోని ఒక గ్యారేజీ వారు 2.8 లక్షలు అడుగుతున్నారు. బ్యాంకులో 1.9 లక్షలు ఉన్నాయి. మ్యూచువల్ ఫండులో నెలకు 5 వేల సిప్ కడుతున్నాను. కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కాని, సూపర్‌చార్జర్ సంగతి అందులో లేదు. భార్య నగల మీద గోల్డ్ లోన్ తీసుకోవడం మేలా, పర్సనల్ లోన్ మేలా, లేక పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మిన) సొమ్ములోంచి గ్యారేజీకి ఇచ్చేసి మేత డీలరు బాకీని వచ్చే పంటకు జరుపుకోవచ్చా?
– పశ్చిమ గోదావరి జిల్లా పాఠకుడు

జవాబు: ఈ మూడింటిలో వడ్డీ తక్కువ పడేది గోల్డ్ లోన్. అయినా దానిని తీసుకోవద్దనే చెబుతున్నాను. డెల్టాలో చెరువుల మీద బతికే యువ రైతుల నుంచి ఇటువంటి ఉత్తరాలు తరచుగా వస్తుంటాయి. కారు బదులు ఒకరు బైకు గురించి, మరొకరు ఇంటి పైఅంతస్తు గురించి రాస్తారు. పొరపాటు మాత్రం అందరిదీ ఒకటే. ఆపద వస్తే ఆదుకోవలసిన వనరును ఆపద లేని రోజునే ఖర్చు పెట్టేస్తారు.

మీ గ్యారేజీ వారు చెప్పినది తప్పని అనను. సూపర్‌చార్జర్ నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది, ఇంజిన్‌లో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండడం) రాకుండా కంప్యూటర్ స్పార్క్ టైమింగును వెనక్కి జరుపుతుంది, దాంతో శక్తి పడిపోతుంది. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు ఇది మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఆ గాలిని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ సరైన మందే. అయితే దానిని ఏ సొమ్ముతో పెట్టిస్తున్నారన్నదే నేను చూడవలసిన విషయం.

నెల జీతగాడికి ఆరు నెలల ఇంటి ఖర్చు అత్యవసర నిధిగా ఉంటే చాలునని మేము చెబుతాం. చెరువు రైతుకు ఆ లెక్క సరిపోదు. మీ ఆదాయం నాలుగు నెలలకు ఒకసారి, అదీ వస్తేనే, వస్తుంది. తెల్లమచ్చ వైరస్ సోకితే చెరువు మొత్తం రోజుల్లోనే పోతుంది. రాత్రి కరెంటు పోయి, నీటికి ఆక్సిజన్ అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి నష్టం తేలుతుంది. రోగం రాకపోయినా ధర మీ చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడి చెరువు గట్ల మీద ఏం జరిగిందో నాకంటే మీకే బాగా తెలుసు. పంట పోయిన రైతు ఇల్లు గడుపుకోవడంతో పాటు లీజు, సీడు (రొయ్య పిల్లలు), మేతలకు మళ్లీ పెట్టుబడి పెట్టాలి. కనుక మీ అత్యవసర నిధి కనీసం సగం పంట పెట్టుబడికి, అంటే 8 లక్షలకు, తగ్గకూడదు. ఇప్పుడు మీ దగ్గర ఉన్న 1.9 లక్షలు ఒక పంట పెట్టుబడిలో ఎనిమిదో వంతుకు కూడా రావు.

ఈ లోటును ఇన్నాళ్లూ పూడుస్తున్నది మీ శ్రీమతి నగలే. పంట మధ్యలో రోగం వచ్చి ముందే పట్టుబడి చేయవలసి వస్తే, ఒక్క పూటలో డబ్బు చేతికి వచ్చే మార్గం మీకు అదొక్కటే. వాటిని ఇంటర్‌కూలర్ కోసం బ్యాంకు లాకరులోకి పంపించారంటే, ఆ రోజున నూటికి రెండు రూపాయల వడ్డీ తప్ప మీకు మరో గతి ఉండదు. పైగా పంట దెబ్బతిన్న ఏడాదిలోనే గోల్డ్ లోన్ గడువు కూడా వచ్చిపడితే నగలు వేలానికి వెళతాయి. ఆమెను అడిగారో లేదో మీరు రాయలేదు. ముందు అడగండి.

పర్సనల్ లోన్ 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 9,570 రూపాయల వాయిదా పడుతుంది, మొత్తం వడ్డీ 64 వేలు దాటుతుంది. నెల నెలా ఆదాయం లేని మనిషి నెల నెలా వాయిదా నెత్తిన పెట్టుకోవడం నాకు ఎప్పుడూ అర్థం కాని విషయం. మేత డీలరు బాకీని జరుపుకోవడమైతే మూడింటిలోనూ అధ్వానం. రెండు రూపాయల వడ్డీకి 2.8 లక్షల మీద నెలకు 5,600 రూపాయలు అవుతుంది. బాకీ ఉన్న రైతు మేత ధర గురించి గాని, సరుకు ఎవరికి అమ్మాలన్న దాని గురించి గాని గట్టిగా మాట్లాడలేడు. ఆ నష్టం ఏ పుస్తకంలోనూ కనిపించదు.

ఇక ఇన్సూరెన్స్. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టినది ఆ మాటే. సూపర్‌చార్జర్ సంగతి పాలసీలో లేదంటే, మీరు ఫుల్ ఇన్సూరెన్స్ అనుకుంటున్నది క్లెయిము రోజున ఎంతవరకు నిలుస్తుందో చెప్పలేం. వాహనంలో చేసిన మార్పులను కంపెనీకి తెలియజేయవలసిన బాధ్యత పాలసీదారుదే. తెలియజేయకపోతే సొంత వాహన నష్టం క్లెయిమును తిరస్కరించడానికి వారికి కారణం దొరుకుతుంది. ప్రమాదంలో ఎదుటివారికి నష్టం జరిగినప్పుడు కంపెనీ వారికి చెల్లించి, ఆ సొమ్మును మీ నుంచి రాబట్టుకోవడానికి ప్రయత్నించే అవకాశమూ ఉంది. మీరు కొన్న రెండేళ్ల నుంచీ ఈ రిస్కులోనే ఉన్నారు. చట్టం వైపు నుంచి చూసినా పరిస్థితి తేలికైనది కాదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే సంవత్సరం చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి ముందు ఆర్టీఓ కార్యాలయంలో అడిగి, కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, వారి జవాబును కూడా రాతలోనే తీసుకోండి. వారు ఒప్పుకోకపోతే ఇంటర్‌కూలర్ ప్రశ్నే ఉండదు, సూపర్‌చార్జర్‌ను తీయించడం గురించి ఆలోచించవలసి వస్తుంది. కాలువ గట్ల రోడ్లమీద వర్షాకాలంలో తిరిగే కారుకు ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ కూడా ఉండాలి, నీళ్లు లోపలికి వెళ్లి ఇంజిన్ పోతే సాధారణ పాలసీ సహాయపడదు.

మీకు, కుటుంబానికి ఆరోగ్య బీమా, మీ పేరున టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఉన్నాయో లేవో మీరు రాయలేదు. లేకపోతే గ్యారేజీకి ఫోను చేసే ముందు అవి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

ప్రతి పట్టుబడి సొమ్ములో డీలరు బాకీ, లీజు తీర్చిన వెంటనే, ఇంకేమీ ముట్టుకోకముందే, 2 లక్షలు విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. పంటలు సరిగా వస్తే మూడు పంటల్లో 8 లక్షల దరిదాపుకు చేరుతారు. సిప్ కొనసాగించండి. ఈలోగా సూపర్‌చార్జర్‌కు కాస్త పెద్ద పుల్లీ వేయించి బూస్టు (గాలిని నొక్కే ఒత్తిడి) తగ్గించవచ్చేమో గ్యారేజీ వారిని అడగండి. గాలి అంతగా వేడెక్కదు, ఖర్చు ఇంటర్‌కూలర్‌లో కొద్ది భాగమే అవుతుంది. శక్తి కొంత తగ్గుతుంది, అయితే ఉండి నుంచి భీమవరం వెళ్లే దారిలో ఆ తేడా మీకు అవసరపడే చోటు నాకు తోచడం లేదు. నిధి పూర్తయ్యాక కూడా ఇంటర్‌కూలర్ కావాలనే అనిపిస్తే, ఆర్టీఓ, ఇన్సూరెన్స్ కంపెనీ ఇద్దరూ ఒప్పుకున్నాక, ఆ 2.8 లక్షలలో పైపులు, ట్యూనింగ్, కొత్త రేడియేటర్ అవసరమైతే దాని ఖర్చు అన్నీ ఉన్నాయో లేవో కాగితం మీద రాయించుకుని, మీ సొంత డబ్బుతో పెట్టించుకోండి.