అల్లుడికి, స్పీకరు డబ్బా గురించి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత టీవీ స్పీకర్లతో చేత్తో పట్టుకు తిరిగే బ్లూటూత్ స్పీకరు డబ్బా చేయాలని అటక మీది టీవీ దించి, స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని ముందు కూర్చున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. ప్లగ్గు పీకేసినా సరే, పిక్చర్ ట్యూబు మీద రబ్బరు టోపీ ఉంటుందే, దాని కింద వేల వోల్టుల చార్జి నిలిచి ఉండొచ్చు. అది తీసే పద్ధతి వేరే ఉంది. ఆదివారం నేనొచ్చి తీస్తాను. ఈలోగా నువ్వు చేయాల్సిన పని చాలా ఉంది.

ఎన్ని వాట్లు రావాలని అడిగావట. వాట్ల సంగతి మర్చిపో. ఒకప్పుడు డబ్బా మీద 1000 వాట్లు పీఎంపీఓ (ఒక్క క్షణపు గరిష్ఠ శక్తి లెక్క) అని రాసి అమ్మేవాళ్లు, లోపల చూస్తే అరచేతిలో పట్టే ఐసీ, అంటే చిప్పు, ఒకటి. మిద్దె మీద నలుగురు కూర్చుని పాటలు వినడానికి రెండు మూడు వాట్లు చాలు, డబ్బా సరిగ్గా కుదిరితే.

డబ్బా ఎందుకంటావా? స్పీకరు ముందుకీ వెనక్కీ రెండువైపులా గాలిని తోస్తుంది. ముందు శబ్దం, వెనక శబ్దం కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి, బేస్ అన్నది, అంటే డోలు లాంటి బరువైన శబ్దం, మిగలదు. టేప్ రికార్డర్ల రోజుల్లో మా ఊళ్లో స్పీకరును మట్టికుండ మూతి మీద బోర్లించేవాళ్లం. వెనక శబ్దం కుండలో ఉండిపోయేది. డోలు గుమ్‌గుమ్మని మోగేది కానీ పాటలో మాట అర్థమయ్యేది కాదు. లోపల గుప్పెడు పాత దూది కుక్కాక కాస్త దారికొచ్చింది. నువ్వు చేత్తో పట్టుకు తిరగాలి కాబట్టి కుండ వద్దు. పాత బీరువా ప్లైవుడ్ ఉంది కదా, లోపలి కొలత అడుగు పొడవు, ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతు వచ్చేలా కోయించు. దాదాపు 7 లీటర్ల గాలి పడుతుంది. సందుల్లో ఫెవికాల్, రంపపు పొట్టు కలిపి ముద్దలా పెట్టు. స్పీకరు రంధ్రాలు మాత్రం ఇప్పుడే కోయించకు. టీవీ స్పీకర్లు కోలగా ఉంటాయి, చేతికొచ్చాక కాగితం మీద గీసుకుని కోయిద్దాం.

యాంప్లిఫైయర్ కొత్తదే కొను. నా రోజుల్లో అయితే ఎల్ఏ 4440 ఐసీ, 12 వోల్టులు, దాని వేడి లాగేయడానికో అల్యూమినియం హీట్ సింకు. ఇప్పుడు పోస్టల్ స్టాంపంత పీఏఎం 8403 బోర్డు వస్తోంది, ఒక్క లిథియం సెల్లు మీదే నడుస్తుంది. బ్లూటూత్ కూడా కలిసి ఉన్నది అడుగు. విడివిడిగా కొని ఒకే బ్యాటరీకి కలిపితే చాలాసార్లు సన్నగా కీచుమంటుంది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే దొరుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకో, ఈ బోర్డులో రెండు స్పీకర్ల మైనస్ వైర్లు ఒకచోట కలపకూడదు, బ్యాటరీ మైనస్‌కూ తగలకూడదు. మామూలు రేడియో అలవాటుతో కలిపేసి నేనే రెండు బోర్డులు కాల్చాను.

ఇక బ్యాటరీ. పాత ల్యాప్‌టాప్ ప్యాక్ విప్పుతానన్నావు. విప్పు కానీ కటింగ్ ప్లయర్‌తో సెల్లులను కలిపే రెండు పట్టీలు ఒకేసారి కోయకు. నేనలా కోస్తే ఫట్‌మని నిప్పులు లేచాయి, పట్టీ ఎర్రగా కాలి టేబులు మీద పడింది. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ మచ్చ మీద పేపరు పరిచి కూరగాయలు తరుగుతుంది. ఒక్కో సెల్లుకు మీటరు పెట్టి చూడు. రెండున్నర వోల్టుల కంటే తక్కువుంటే పక్కన పడేయి, బతికించాలని చూడకు. మిగతావి 4.2 వరకు చార్జి చేసి అయిదు రోజులు వదిలేయి. చార్జింగులో వేడెక్కినా, అయిదో రోజుకు నాలుగు కంటే కిందికి దిగినా పనికిరావు. పనికిరాని వాటి కొనలకు టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వు, చెత్తబుట్టలో వేయకు. మంచివి రెండు, వోల్టేజి సమానంగా ఉన్నప్పుడే పక్కపక్కన, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలుపు. సెల్లు మీద నేరుగా సోల్డర్ పెట్టకు, వేడికి పాడవుతుంది. నికెల్ పట్టీ తోక కాస్త ఉంచి దానికి పెట్టు. చార్జింగుకు టీపీ 4056 బోర్డు, ప్రొటెక్షన్ ఉన్నదే తీసుకో. అవుట్ ప్లస్, అవుట్ మైనస్ అని విడిగా ఉంటాయి, యాంప్లిఫైయర్ వాటికే.

స్పీకర్లు చేతికొచ్చాక కోన్‌ను రెండు బొటనవేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి చూద్దాం. కరకరమంటే కాయిల్ రాసుకుంటున్నట్టే. తర్వాత పెన్సిల్ సెల్లు ఒక్క క్షణం తాకించాలి. కోన్ బయటికి ఎగిరితే సెల్లు ప్లస్ తగిలిన వైపే స్పీకరు ప్లస్, అక్కడ ఎర్ర స్కెచ్‌పెన్నుతో చుక్క పెడదాం. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు కొట్టుకుంటే కష్టపడి కట్టిన డబ్బాలో బేస్ మళ్లీ మాయం.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. ప్లైవుడ్ కోయించి ఉంచు. టీవీ వెనక మూత మాత్రం ముట్టుకోకు, మీ అమ్మకు కూడా అదే చెప్పాను.

మీ మామయ్య