నవ్వించినవాడి జ్ఞాపకాలు రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన ఆరు పేజీలూ చదివాను. పేరున్న హాస్యనటుడు తన జ్ఞాపకాలు రాసిపెట్టమని నిన్ను అడగడం మంచి అవకాశమే. కానీ మొదటి పేజీలోనే "కీర్తి మూణ్ణాళ్ల ముచ్చట, చివరిదాకా మిగిలేది స్నేహమే, తృప్తిని మించిన సంపద లేదు" అని రాశావు. ఆయన నిజంగానే అలా అని ఉండొచ్చు. ఆ మాటలు ఎవరైనా అనగలరు. ఆయన తప్ప ఇంకెవరూ చెప్పలేని సంగతులు ఆయన నోట రాబట్టాలి. నీ చిక్కు అక్కడే ఉంది. వాక్యాలకేం, బాగానే రాస్తున్నావు.

జనాన్ని నవ్వించి బతికినవాళ్లతో ఒక ఇబ్బంది ఉంటుంది. వాళ్ల జ్ఞాపకాలు చెప్పీ చెప్పీ అరిగి నున్నగా అయిపోయి ఉంటాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వొస్తుందో వాళ్లకు కొట్టినపిండి. నీ నాలుగో పేజీలో నాటకం మధ్యలో తెర ఊడిపడ్డ ఉదంతం అలాంటిదే. ఆయన చెబుతుంటే నువ్వు పడీపడీ నవ్వి ఉంటావు, కాగితం మీద మాత్రం చప్పగా ఉంది. నిన్ను నవ్వించిన గొంతూ, ముఖమూ, ఆ ఆగడమూ పేజీలోకి రావు మరి. ఇలాంటి కథ మొదలుపెడితే అడ్డురాకుండా పూర్తిగా చెప్పనివ్వు. అయ్యాక పక్కదారి ప్రశ్నలు వెయ్యి. తెర పైకెత్తింది ఎవరు? ఆ రాత్రి డబ్బులిచ్చారా? ఇంటికి ఎలా వెళ్లారు, పక్కన ఎవరున్నారు? వీటికి తయారుగా ఉంచుకున్న జవాబులుండవు. "ఆగు, ఆగు..." అంటూ ఆయన గుర్తుచేసుకోవడానికి తడుముకున్నాడంటే నీకు పనికొచ్చే పేజీ దొరికినట్టే. ప్రశ్న వేశాక పది సెకన్లు నోరు మూసుకుని కూర్చో. ఆ మౌనం భరించలేక మనమే ఏదో అందించేస్తాం, వాళ్లు దానికి తలూపేస్తారు.

ఒక్కోసారి కూర్చున్నప్పుడు గంటన్నర చాలు. ప్రదర్శన ముగిసిన వెంటనే వెళ్లకు. ఒంట్లో ఆ ఊపు తగ్గి ఉండదు, నిన్నూ ప్రేక్షకుడి కిందే జమకడతాడు. రికార్డింగుకు రెండు పరికరాలు పెట్టుకో. ఫోన్ వాడితే ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచు, మధ్యలో కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. గంట మాటల్ని చేత్తో రాసుకోవడానికి తక్కువలో తక్కువ నాలుగు గంటలు పడుతుంది. పన్నెండుసార్లు కూర్చుంటే పద్దెనిమిది గంటల ఆడియో, అంటే డెబ్బై రెండు గంటల రాత. అందుకే ఏ రోజుది ఆ రోజే రాసెయ్యి. వారం ఆగితే ఏ మాట నవ్వుతూ అన్నాడో, ఏది కసిగా అన్నాడో నీకే గుర్తుండదు.

ఇంకో సంగతి. నీ ఆరు పేజీల్లో ఐదు తొలిరోజుల కష్టాలే. అందులో నీ తప్పు లేదు. వయసు మళ్లినవాళ్లకు పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగినవే తక్కిన వాటికన్నా ఎక్కువ గుర్తొస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎన్నోసార్లు గమనించారు. వాళ్ల దారిన వాళ్లను వదిలేస్తే పుస్తకం ముందు సగం ఉబ్బి, వెనక సగం పీలగా తయారవుతుంది. తృప్తి ఉన్నదేమో ఆ వెనక సగంలో! కాబట్టి ఈరోజు నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లు.

కీర్తి గురించి "పేరొచ్చాక ఎలా అనిపించింది?" అని అడక్కు. పేరొచ్చాక ఏ పని చేయలేకపోయారో అడుగు. ఉత్తరాలు ఎవరు విప్పేవారు, ఫోన్ ఎవరు ఎత్తేవారు, బయట జనం తేరిపార చూడటం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది? ఈ ఆఖరి ప్రశ్న నాలుగైదుసార్లు కూర్చున్నాక గానీ వెయ్యకు. ముందే వేస్తే తలుపు మూసుకుంటుంది.

స్నేహం దగ్గర జాగ్రత్త. జంటగా నటించినవాళ్లు బయట కూడా ఒక్క కంచంలో తిన్నారని రాసేయడం తేలిక. పాత హాలీవుడ్ హాస్య జంట స్టాన్ లారెల్, ఆలివర్ హార్డీ సంగతి చూడు. షూటింగ్ అయ్యాక లారెల్ హాస్య సన్నివేశాల మీద, ఎడిటింగ్ మీద కూర్చుంటే, హార్డీ గోల్ఫ్ మైదానానికి వెళ్లేవాడు. వాళ్లు బాగా దగ్గరైంది సినిమాలు తగ్గిపోయి, స్టేజీ టూర్లు తిరిగిన కాలంలోనే. 1957లో హార్డీ పోయాక లారెల్ మళ్లీ నటించలేదు. సినిమాల కాలంలో షూటింగ్ బయట కలిసి గడిపిన రోజులే లెక్కపెట్టి ఉంటే ఆ స్నేహం మనకు కనిపించేదే కాదు. మీ నటుడిని కూడా దేనిమీద పోట్లాడుకున్నారో, ముందు ఎవరు పలకరించారో అడుగు. ఎక్కువగా అప్పు దగ్గరో, పోస్టర్ మీద ఎవరి పేరు ముందు వెయ్యాలన్న దగ్గరో తేలుతుంది. ఆ స్నేహితుడు బతికుంటే వేరుగా కలువు. ఇద్దరి మాటా పొంతన కుదరకపోతే మధ్యస్థంగా ఒకటి అల్లకుండా రెండూ ఉంచు. అతని గురించిన పేజీలు అచ్చుకు ముందు అతనికి చూపించి, ఒప్పుకోలు కాగితం మీద తీసుకో. చనిపోయిన స్నేహితులైతే ఇంకా కష్టం, అందరూ దేవుళ్లే అయిపోతారు.

అన్నిటికన్నా కష్టం తృప్తిని రాయడం. అందులో ఏమీ జరగదు కదా! "నాకే లోటూ లేదు" అన్న వాక్యం వరకు వచ్చి చాలామంది చేతులెత్తేస్తారు. నిన్నటి రోజు చెప్పమను, లేచింది మొదలు పడుకునే దాకా, గంట గంటకూ. తర్వాత ఈమధ్య కాదన్న అవకాశాలు ఓ మూడు చెప్పమని, ఎందుకు వద్దన్నాడో అడుగు. వద్దనుకున్నవాటిలోనే మనిషి బాగా తెలుస్తాడు. లారెల్ చివరి ఏళ్లలో అమెరికాలోని శాంటా మోనికాలో ఓ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడు. ఫోన్ నంబరు డైరెక్టరీలో అందరికీ దొరికేలా ఉంచాడు, ఉత్తరాలకు తనే టైప్ చేసి జవాబులిచ్చేవాడు. ఇంత చెప్పాక తృప్తి అన్న మాట వాడనక్కర్లేదు.

గొంతు విషయం క్లుప్తంగా చెబుతాను. ఆయన ఊతపదాలు పేజీకి ఒకటీ రెండూ మించనివ్వకు, మించితే వెక్కిరించినట్టుంటుంది. రాసింది ఆయన చేతికివ్వకుండా నువ్వే పైకి చదివి వినిపించు. "నేనిలా అన్నానా?" అన్నచోట ఆ వాక్యం నీది, కొట్టేసి ఆయన అప్పుడు అన్న మాట రాసుకో.

మొదటి పేజీ తీసెయ్యి. తెర ఉదంతం ప్రస్తుతానికి పక్కన పెట్టు. ఈసారి వెళ్లినప్పుడు నిన్నటి రోజు గురించే అడిగి, ఆ గంటన్నరా దిద్దకుండా ఉన్నదున్నట్టు రాసి పంపు. తప్పులున్నా ఫర్వాలేదు.

ఉంటాను.