పారేసిన సామాన్లలో నిజంగా మంచివి దొరుకుతాయా?

జనం వద్దనుకుని బయట పెట్టేసిన ఇంటి సామాన్లలో విలువైనవి దొరుకుతాయా, దొరికితే ఎలా గుర్తుపట్టాలి అని అడిగారు. దొరుకుతాయి. కాకపోతే అమ్మి సొమ్ము చేసుకుందామని చూస్తే నిరాశే ఎక్కువ. వాడుకోవడానికైతే మాత్రం మంచివే చేతికి తగులుతాయి.

మా ఇంట్లో ఉన్న సింగర్ కుట్టుమిషన్ అలా వచ్చిందే. పక్కవాటా వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ, చినిగిన పరుపుతో పాటు దాన్నీ బయటకు నెట్టేశారు. అడిగితే "చక్రం తిరగట్లేదండీ, కావాలంటే తీసుకెళ్ళండి" అన్నారు. (ఏదైనా అడిగే తీసుకోండి. ఓసారి ఎండకు పెట్టిన కుర్చీని పారేసిందనుకుని మోసుకొచ్చి, మళ్ళీ తలదించుకుని అక్కడే పెట్టి వచ్చాను.)

తుప్పు పట్టిందేమో అనుకున్నాను. కాదు. ఏళ్ళ తరబడి వాడకపోతే లోపలి నూనె గట్టిపడి జిగురులా తయారవుతుంది. నూనె వేసే రంధ్రాలన్నింటిలో రెండేసి చుక్కలు కిరోసిన్ వేసి రాత్రంతా వదిలేశాను. మర్నాడు చక్రం రెండు వేళ్ళంత కదిలింది, ఆగిపోయింది. బాబిన్ (కింది దారం చుట్టి ఉండే చిన్న రీలు) పెట్టేచోట విప్పి చూస్తే, దాన్ని పట్టి ఉంచే షటిల్ వెనక దారం చుట్టుకుపోయి నల్లటి ఉండలా ఉంది. పిన్నుతో కొంచెం కొంచెం లాగేసి, మిషన్ ఆయిల్ వేశాక గిర్రున తిరిగింది. పాత సింగర్ల మీద ఒక నంబర్ ఉంటుంది. ముందున్న అక్షరాలను బట్టి ఏ ఫ్యాక్టరీదో, ఏ కాలందో చెప్పొచ్చు. మాది 'ఈఏ'తో మొదలవుతుంది. అంటే స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో, 1930ల నడుమ తయారైంది. ఆ ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది. మిషన్ మాత్రం మొన్న మా కర్టెన్లు కుట్టింది.

గుర్తుపట్టడానికి నేను పైమెరుపు చూడను, తిరగేసి అడుగు చూస్తాను. జేబులో చిన్న అయస్కాంతం ఉంటుంది. ఇత్తడిలా కనిపించేదానికి అది అంటుకుంటే, లోపల ఇనుమే, పైన పూత. అంటుకోకపోయినంత మాత్రాన ఇత్తడే అనుకోవద్దు, అల్యూమినియం కూడా అంటుకోదు. బల్లలైతే సొరుగు పూర్తిగా బయటకు లాగి మూల చూడండి. రెండు చెక్కలు వేళ్ళు పెనవేసుకున్నట్టు ఒకదాంట్లో ఒకటి దిగి ఉంటే, పనితనం తెలిసినవాళ్ళు చేసింది. అంచు పగిలినచోట రంపప్పొట్టు రాలుతుంటే అది అసలు చెక్క కాదు, పొట్టును అతికించి చేసిన పలక, వదిలేయండి. సన్నటి రంధ్రాలుండి, కింద తాజా పొడి కనిపిస్తే లోపల పురుగు ఇంకా తింటోందని అర్థం.

పరుపులు, సోఫాలు ఎంత బాగున్నా నేను ముట్టుకోను. కుట్ల వెంట నల్లచుక్కలుంటే నల్లులే. ఒక్కసారి ఇంట్లోకి వచ్చాయంటే వదిలించుకోవడం మహా టెన్షన్.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. చెక్కపెట్టె ఉన్న పాత వాల్వు రేడియో దొరికితే, సంబరంగా తెచ్చి నేరుగా ప్లగ్ పెట్టేశాను. అరనిమిషం గుయ్యిమని, తర్వాత వెనకనుంచి పొగ. అంత పాతవాటిలో కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగాలు) పాడైపోయి ఉంటాయి, ముందు అవి మార్చాలి అని రిపేరు చేసే ఆయన తర్వాత చెప్పాడు. ఆ రేడియో ఇప్పటికీ అటక మీదే ఉంది. పెట్టె మాత్రం చాలా అందంగా ఉంటుందండీ, పారేయబుద్ధి కావట్లేదు.